అమ్మానాన్నలతో నార్వే ఫ్యోర్డ్ క్రూజ్: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

గోదారిగట్టు | జనవరి 18
అందరికీ నమస్కారం. చాలా ఏళ్లుగా ఇక్కడ చదవడమే కానీ రాసింది లేదు. ఇప్పుడు అవసరం పడింది.

నేనుండేది మాంచెస్టర్‌లో. మే నెలలో అమ్మానాన్న రాజమండ్రి నుంచి వస్తున్నారు. జూన్ మొదటివారంలో సౌతాంప్టన్ నుంచి నార్వే ఫ్యోర్డులకి (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) బయల్దేరే ఏడు రాత్రుల క్రూజ్ ఒకటి చూశాను. స్తవాంగర్, ఫ్లోమ్, గైరాంగర్, బెర్గెన్, మళ్లీ సౌతాంప్టన్. నాన్నకి 69, అమ్మకి 63. నాన్న ఆకివీడు దగ్గర ముప్ఫయ్యేళ్లు చేపల చెరువులు చేశారు, నీళ్లంటే ఆయనకి ఇల్లే. అమ్మతోనే సమస్య. ఒకటి, మోకాళ్లు. రెండోది, 2019లో కచ్చులూరు దగ్గర లాంచీ మునిగినప్పటి నుంచి పాపికొండల ఊసెత్తితేనే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. అలాంటి మనిషిని ఉత్తర సముద్రం మీదకి తీసుకెళ్లొచ్చా? ఓడ చాలా పెద్దది, మూడు వేల మంది పడతారని చెప్తే "టైటానిక్ కూడా పెద్దదేగా" అంది. నా దగ్గర జవాబు లేదు.

వీసా, గది, తిండి, ఏం తెలిసినా చెప్పండి. అసలు అంత డబ్బు పెట్టడం దండగా అన్నది కూడా.

ఉత్తరపుగాలి | జనవరి 18
రెండుసార్లు వెళ్లాను, మూడోసారికి డబ్బులు పోగేస్తున్నాను. దండగ కాదు.

ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. గైరాంగర్ రోజు తెల్లవారుజామున నాలుగున్నరకి లేవండి. ఆ ఫ్యోర్డ్ పొడవు 15 కిలోమీటర్లే. ఓడ ఊరి దగ్గరికి చేరేసరికి ఏడో ఎనిమిదో అవుతుంది, అంటే అసలు చూడాల్సిందంతా జనం దుప్పట్లో ఉండగానే అయిపోతుంది. నేను మొదటిసారి హాయిగా నిద్రపోయి, బఫేలో ఇడ్లీ ఉందేమోనని వెతుక్కుంటుంటే పక్కాయన "సెవెన్ సిస్టర్స్ చూశారా" అని అడిగాడు. ఏడు పాయలుగా దూకే జలపాతం. ఎదురుగట్టున ఇంకో జలపాతం ఉంటుంది, దాని పేరు పెళ్లికొడుకు. ఏడుగురు అక్కచెల్లెళ్లకీ వరసగా సంబంధం అడిగి, ఎవరూ ఒప్పుకోక తాగుడుకి దిగాడని అక్కడి కథ. జలపాతం మధ్యలో రాయి సీసా ఆకారంలో కనబడుతుంది. నేను సాయంత్రం తిరుగు ప్రయాణంలో చూశాను కాబట్టి బతికిపోయాను.

జూన్ మొదటివారం మంచి ఎంపిక. కొండల మీద మంచు కరుగుతూ జలపాతాలు నిండుగా ఉంటాయి. ఆగస్టులో వెళితే ఏడుగురిలో నలుగురో ఐదుగురో మిగులుతారు.

స్తవాంగర్_సుబ్బు | జనవరి 19
పదకొండేళ్లుగా స్తవాంగర్‌లోనే ఉంటున్నాను, కాబట్టి కాస్త చేదు మాట చెప్తాను. ఫ్యోర్డ్ చూడటానికి పద్దెనిమిది అంతస్తుల హోటల్ని వెంటేసుకుని రావక్కర్లేదు.

బెర్గెన్‌కి ఫ్లైట్ ఎక్కండి. అక్కణ్నుంచి రైల్లో వోస్, బస్సులో గుద్వాంగెన్, గుద్వాంగెన్ నుంచి ఫ్లోమ్‌కి కరెంటు పడవ. ఆ పడవ వెళ్లేది నేరోయ్‌ఫ్యోర్డ్‌లో. అన్నిటికన్నా సన్నగా ఉన్నచోట దాని వెడల్పు 250 మీటర్లే. గైరాంగర్, నేరోయ్ రెండూ కలిపి 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. పెద్ద ఓడవాళ్లు ఈ రెండోదాన్ని దాదాపు చూడరు, సోగ్నెఫ్యోర్డ్‌లోంచి ఫ్లోమ్ పాయలోకి తిరిగిపోతారు. 2018లో వచ్చిన ఆ పడవ పూర్తిగా బ్యాటరీ మీద నడుస్తుంది. ఇంజన్ మోత లేక, గట్టున మేకల మెడగంట కూడా వినిపిస్తుంది. ఫ్లోమ్ నుంచి కొండరైలెక్కి మిర్దాల్, అక్కణ్నుంచి మెయిన్‌లైన్ రైల్లో వెనక్కి బెర్గెన్. ఒక్కరోజులో అయిపోతుంది.

క్రూజ్‌లో రోజూ ఆరేడు గంటలు ఊళ్లో, మిగతాదంతా బఫే. మీ ఇష్టం.

పెన్షనర్_67 | జనవరి 19
సుబ్బు గారూ, మీ దారి బంగారం లాంటిది. కానీ ఆ ఒక్కరోజులో మీరు చెప్పిన రైలు, బస్సు, పడవ, కొండరైలు, మళ్లీ రైలు, ఐదుసార్లు ఎక్కి దిగాలి. నా భార్యకి రెండు మోకాళ్లూ మార్చారు. ఐదుసార్లు ఎక్కిదిగడం మాకు ఐదు తిరుమల మెట్లదారులతో సమానం.

మేము రెండేళ్ల కిందట ఓడలోనే వెళ్లాం. పెట్టె ఒక్కసారి విప్పాం, ఒక్కసారి సర్దాం. పొద్దున్న కర్టెన్ తీస్తే ఇంకో ఊరు. లిఫ్టులున్నాయి, కుర్చీలున్నాయి, డాక్టరున్నాడు (ఫీజు వింటే జ్వరం దానంతటదే తగ్గుతుంది, ఇన్సూరెన్స్ మర్చిపోవద్దు). మా వయసువాళ్లకి ఇది విలాసం కాదు నాయనా, వీలు.

ఒక్క జాగ్రత్త. గైరాంగర్ లాంటి చోట ఓడ గట్టుకి ఆనకుండా నీళ్లలోనే నిలబడితే, చిన్న పడవల్లోకి దింపి ఒడ్డుకు తీసుకెళతారు. టెండర్ అంటారు. మీ అమ్మగారికి అది కష్టం కావచ్చు. బుక్ చేసేముందే ఏ రేవులో టెండరో అడగండి.

స్తవాంగర్_సుబ్బు | జనవరి 19
మోకాళ్ల సంగతి ఒప్పుకున్నాను అంకుల్. నేను ముప్ఫై తొమ్మిదేళ్లవాడి లెక్కన రాశాను.

వీసావ్యథ | జనవరి 20
ముందు వీసా చూడండి, జలపాతాలు తర్వాత.

నార్వే ఈయూలో లేదు, షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) ఉంది. మీ అమ్మానాన్నల యూకే విజిటర్ వీసా అక్కడ పనికిరాదు, షెంగెన్ వేరే తీసుకోవాలి. యూకేకి వచ్చాక తీసుకుందాంలే అనుకుంటే కథ కంచికే. విజిటర్లుగా వచ్చినవాళ్ల దరఖాస్తు ఇక్కడ మామూలుగా తీసుకోరు, ఉండే దేశంలోనే పెట్టుకోవాలి. అంటే వాళ్లు ఇండియాలో ఉండగానే వీఎఫ్ఎస్‌లో (వీసా దరఖాస్తులు తీసుకునే కేంద్రం) వేలిముద్రలిచ్చి, స్టాంపు పడ్డాకే విమానం ఎక్కాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ దరఖాస్తు పెట్టొచ్చు. జూన్ ప్రయాణం కాబట్టి మీరు ఈ నెలలోనే కదలొచ్చు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. మీది ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే మీకూ కావాలి, మీరు యూకేలోనే పెట్టుకోవచ్చు.

నాకెందుకింత బాధంటే, మా అత్తగారిని సౌతాంప్టన్‌లో ఓడ ఎక్కే కౌంటర్ దగ్గర ఆపేశారు. అన్నీ మేమే చూసుకుంటామన్న ఏజెంటు ఆ రోజు ఫోన్ ఎత్తలేదు. టికెట్ డబ్బులో ఒక్క పౌండు రాలేదు. ఆవిడ మాత్రం ఏమీ అనలేదు, టాక్సీలో కూర్చుని పులిహోర డబ్బా తీసి మాకు పెట్టింది.

గోదారిగట్టు | జనవరి 20
వ్యథ గారూ, మీరు నన్ను కాపాడారు. నేను ఏప్రిల్లో అప్లై చేద్దాం, వచ్చాక చేద్దాం అని ఊగుతున్నాను. ఈ రాత్రే నాన్నకి ఫోన్ చేస్తాను.

గది సంగతి? బాల్కనీ గదికీ కిటికీ లేని లోపలి గదికీ మధ్య తేడా, మా ఆవిడతో కలిపి నలుగురికి వెయ్యి పౌండ్లు దాటుతోంది. ఓడ ఎటువైపు గది తీసుకుంటే కొండలు కనబడతాయి?

ఉత్తరపుగాలి | జనవరి 21
ఎటువైపైనా ఒకటే! ఫ్యోర్డ్ అంటే ఒకవైపు మూసుకుపోయిన సందు. వెళ్లిన దారిలోనే వెనక్కి రావాలి. పోయేటప్పుడు ఎడమగట్టు చూస్తే వచ్చేటప్పుడు కుడిగట్టు అదే కిటికీలో కనిపిస్తుంది. ఆ ప్రశ్న మీద డబ్బు పెట్టకండి.

బాల్కనీ మీద పెట్టండి, కానీ మీకు కాదు, అమ్మానాన్నలకి. మీరిద్దరూ లోపలి గది తీసుకోండి, ఎలాగూ డెక్ మీదే ఉంటారు. అలల భయం ఉంటే ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో తీసుకోండి. ముక్కు దగ్గరా పైన అంతస్తుల్లోనూ ఊపు ఎక్కువ. ఫ్యోర్డ్ లోపలికి వచ్చాక నీళ్లు చెరువులా ఉంటాయి. ఊగేదంతా ఉత్తర సముద్రం దాటే ఆ ఒకటిన్నర రోజు. అవోమిన్ మాత్రలు డాక్టర్ని అడిగి తెచ్చుకోమనండి. తిప్పడం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి.

పప్పుచారు_ప్రియ | జనవరి 22
తిండి డిపార్ట్‌మెంట్ నాది.

పూర్తి శాకాహారులమని బుకింగ్ అప్పుడే రాయించండి, ఎక్కిన రోజు హెడ్ వెయిటర్‌కి మళ్లీ చెప్పండి. ఈ ఓడల్లో పనిచేసేవాళ్లలో గోవావాళ్లు, కేరళవాళ్లు చాలామంది. మాకు నాలుగోరోజు నుంచి ఓ మంగళూరు కుర్రాడు మెనూలో లేని పప్పు, అన్నం తెచ్చిపెట్టాడు. "మీవాళ్లు పచ్చిమిరపకాయ వేరే అడుగుతారు కదా" అని ప్లేటులో నాలుగు కాయలు పెట్టాడు. ఆ అబ్బాయికి చివరిరోజు విడిగా ఇచ్చాం. మామూలు టిప్పులు రోజుకి ఒక్కొక్కరికి ఇంత అని చాలా ఓడల్లో బిల్లులోనే పడిపోతాయి, ఆ లెక్క ముందే వేసుకోండి.

రైస్ కుక్కర్ తీసుకెళ్లకండి!! మాది స్కానింగ్‌లో పట్టుకున్నారు. మంటొచ్చేది, వేడెక్కేది ఏదీ గదిలోకి రానివ్వరు, ఇస్త్రీపెట్టె కూడా. రసీదు రాసిచ్చి, దిగేరోజు తిరిగిచ్చారు. ఏడు రోజులు మా కుక్కర్ కూడా క్రూజ్ చేసింది, మాకన్నా ప్రశాంతంగా.

ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలపదార్థాలు, మాంసం మాత్రం నార్వేలో ఒడ్డుకి దించకండి, రూల్ ఒప్పుకోదు. ఊళ్లో ఖర్చు మాట అడగొద్దు. క్రోన్ అంటే మన ఎనిమిది తొమ్మిది రూపాయలు, కాఫీ యాభై క్రోన్లు. మనసులో గుణించడం రెండోరోజుకి మానేయాలి, లేకపోతే ఆకలి చచ్చిపోతుంది. కుళాయి నీళ్లు మాత్రం ఫ్రీ, అమృతం. బ్రూనోస్ట్ అని గోధుమరంగు జున్ను ఉంటుంది, తప్పక రుచి చూడండి. పేరుకే జున్ను, పాలకోవాకి దూరపు చుట్టం, కాస్త ఉప్పు తగిలినట్టుంటుంది.

కొత్తపిట్ట | జనవరి 23
మధ్యలో అడుగుతున్నందుకు సారీ. జూన్‌లో ఈ క్రూజ్‌లో నార్తర్న్ లైట్స్ కనిపిస్తాయా? మా ఆవిడకి మాటిచ్చాను.

స్తవాంగర్_సుబ్బు | జనవరి 23
మాట వెనక్కి తీసుకోండి బ్రో. జూన్‌లో గైరాంగర్ దగ్గర రాత్రి పదకొండింటికి కూడా వెలుతురే, ఆకాశం పూర్తిగా నల్లబడదు. లైట్స్ కావాలంటే శీతాకాలంలో బాగా ఉత్తరాన ఉన్న ట్రోమ్సో వైపు రండి. అర్ధరాత్రి సూర్యుడు అనేది ఇంకో సంగతి, దానికి ఆర్కిటిక్ వలయం దాటాలి. ఈ ఏడు రాత్రుల ఓడలు అంత పైకి పోవు.

అన్నీ ఒకేసారి కావాలంటే తీరం వెంబడి వెళ్లే పాత టపా ఓడల దారి ఉంది, హుర్తిగ్రూతెన్ అంటారు. 1893 నుంచి నడుస్తోంది. బెర్గెన్ నుంచి రష్యా సరిహద్దు దగ్గరి కిర్కెనెస్ దాకా 34 రేవులు, పోయి రావడానికి పన్నెండు రోజులు. అందులో డాన్సులు, కాసినోలు ఉండవు. పక్క ఊరి ఆసుపత్రికి వెళ్లే ముసలమ్మ, ఫ్రిజ్ పార్సిలు, మీరు, అందరూ ఒకే ఓడలో.

రాతిమనిషి | జనవరి 25
భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని. ఎవరూ అడగలేదు, అయినా రాస్తున్నాను.

పాపికొండల్ని కోసింది నది. నది కోస్తే లోయ అడుగు ఇరుకుగా ఉంటుంది. ఫ్యోర్డ్‌ని కోసింది మంచు. హిమయుగాల్లో వేల అడుగుల మందాన పేరుకున్న మంచు, తన బరువుకి తానే జారుతూ, అడుగున ఇరుక్కున్న రాళ్లతో ఆకురాయిలా కొండల్ని గీకేసింది. అందుకే గోడలు నిట్టనిలువుగా, అడుగు గుండ్రంగా ఉంటుంది. మంచు పోయాక సముద్రం లోపలికి వచ్చింది. సోగ్నెఫ్యోర్డ్ పొడవు రెండొందల కిలోమీటర్ల పైమాటే, లోతు 1,308 మీటర్లు. తిరుమల కొండని అందులో దింపితే గోపురం కలశం కూడా కనబడదు. విచిత్రమేంటంటే, సముద్రంతో కలిసే మూతి దగ్గర రెండొందల మీటర్లు కూడా లోతుండదు. మంచు బలమంతా లోపలే చూపించింది, చివరికొచ్చేసరికి పలచబడి, తవ్వడం ఆపేసింది.

ఇంకోటి. నీళ్లు పాలు కలిపిన పచ్చరంగులో కనబడితే ఫోటో ఫిల్టర్ అనుకోకండి. పైన హిమానీనదాలు ఇప్పటికీ రాయిని పిండిగా రుబ్బుతున్నాయి, ఆ పిండి నీళ్లలో తేలుతూ వెలుతురుని అలా విరజిమ్ముతుంది.

గైరాంగర్‌కి వెళ్లే దారిలో ఓకెర్నెసెట్ అనే కొండ ఉంది. దాని మీద ఓ పెద్ద పగులు ఏడాదికి కొన్ని సెంటీమీటర్ల చొప్పున వెడల్పవుతోంది. అది ఫ్యోర్డ్‌లో పడితే లేచే అల గైరాంగర్‌నీ హెలెసుల్త్‌నీ ముంచుతుంది. ఊహ కాదిది. పక్కనే తాఫ్యోర్డ్‌లో 1934 ఏప్రిల్‌లో కొండచరియ పడి, ఆ అలకి 40 మంది పోయారు.

గోదారిగట్టు | జనవరి 25
సార్, దయచేసి ఈ పోస్టు మా అమ్మకి కనబడకుండా ఉండాలని దేవుణ్ని వేడుకోండి.

రాతిమనిషి | జనవరి 25
హహ. భయపడకండి. ఆ కొండకి రాత్రీపగలూ కాపలా ఉంది. పగులులో సెన్సర్లు, రాడార్, జీపీఎస్. అంతపెద్ద కొండ చెప్పకుండా పడదు, కదలిక ముందు వేగం పుంజుకుంటుంది. ఊళ్లని ఖాళీ చేయించడానికి పథకం, సైరన్లు సిద్ధంగా ఉన్నాయి. అక్కడివాళ్లు దాని కింద పిల్లల్ని బడికి పంపుతున్నారు, పెళ్లిళ్లు చేస్తున్నారు.

పచ్చగడ్డి | జనవరి 27
అందరూ మురిసిపోతున్నారు, ఎవరూ పొగ మాట ఎత్తలేదు. గైరాంగర్ ఊళ్లో ఏడాది పొడవునా ఉండేది రెండు మూడు వందల మంది. ఒక్క ఓడ దిగితే మూడు వేలు. చుట్టూ నిలువుగోడలు కాబట్టి గాలి కదలని రోజు పొగ అక్కడే వేలాడుతుంది. అందుకే నార్వే పార్లమెంటు 2018లోనే వారసత్వ ఫ్యోర్డుల్లోకి పొగలేని ఓడలే రావాలని తీర్మానించింది. చివరికి అది 10,000 గ్రాస్ టన్నుల (ఓడ పరిమాణం కొలత) లోపు ఓడలకి 2026 జనవరి 1 నుంచి, అంతకన్నా పెద్దవాటికి 2032 నుంచి అని తేలింది. చిన్నవాడికి ముందు, పెద్దవాడికి తర్వాత. మన దగ్గరే అనుకున్నాను.

స్తవాంగర్_సుబ్బు | జనవరి 27
బెర్గెన్ కూడా ఒకే రోజు మూడు క్రూజ్ ఓడలకి మించి వద్దంది. ఓడలు రేవులో ఇంజన్లు ఆపి గట్టు నుంచి కరెంటు తీసుకునే ఏర్పాటూ వచ్చింది. కానీ నిజం చెప్పాలంటే అక్కడి స్వెటర్ల షాపువాడిని అడిగితే ఒక జవాబు, ఆ షాపు పైఅంతస్తులో ఉండే ముసలాయన్ని అడిగితే ఇంకో జవాబు.

గోదారిగట్టు | ఫిబ్రవరి 22
అప్‌డేట్. అమ్మానాన్నల షెంగెన్ వచ్చేసింది. బుక్ చేశాం. వాళ్లకి బాల్కనీ, మాకు లోపలి గది. గైరాంగర్‌లో టెండర్ ఉండొచ్చన్నారు. అమ్మకి ఇంకా "పెద్ద హోటల్, నీళ్ల పక్కన" అనే చెప్తున్నాను.

పెన్షనర్_67 | ఫిబ్రవరి 22
ఆ పని మాత్రం చేయకు నాయనా. నిజం చెప్పి తీసుకెళ్లు. రేవులో ఓడ చూశాక తెలిస్తే నీ మీద నమ్మకం పోతుంది, నీళ్ల మీద భయం మిగులుతుంది.

గోదారిగట్టు | జూన్ 17
వచ్చేశాం. ఇంత సాయం చేసినవాళ్లకి రిపోర్టు ఇవ్వకపోతే పాపం తగులుతుంది, కాబట్టి కాస్త పొడుగ్గా.

పెన్షనర్ అంకుల్ మాట విని అమ్మకి ఫోన్లోనే అంతా చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఒకటే అడిగింది: "అందరికీ జాకెట్లు ఉంటాయా?" ఓడ ఎక్కగానే గదిలో అల్మారా తెరిచి నాలుగు లైఫ్ జాకెట్లూ బయటికి తీసి, బెల్టులు లాగి చూసి మళ్లీ పెట్టింది. బయల్దేరేముందు అందరినీ పిలిచి చేయించే డ్రిల్ ఉంటుంది కదా, అందరూ ఫోన్లు చూసుకుంటుంటే ఈవిడొక్కతే ముందు నిలబడి శ్రద్ధగా విన్నది. తర్వాత డెక్ మీద నడుస్తూ పడవలు లెక్కపెట్టింది. ఒకవైపు ఎన్ని, రెండోవైపు ఎన్ని, ఒక్కోదాంట్లో ఎంతమంది. లెక్క సరిపోయాకే భోజనానికి వచ్చింది. ఆ రాత్రి నాతో "కచ్చులూరులో ఇలా ఎవరైనా చెప్పి ఉంటే" అంది. అంతే, ఇక ఆ మాట ఎత్తలేదు.

ఉత్తర సముద్రం మమ్మల్ని ఆడుకుంది. అందరం అమ్మ గురించి కంగారుపడ్డాం. పడిపోయింది నాన్న! నీళ్లలో పుట్టి పెరిగానని అవోమిన్ వేసుకోలేదు. అమ్మ ఆయన పక్కన కూర్చుని శొంఠిముక్క నోట్లో పెట్టి, టీవీలో ఓడ ఎక్కడుందో చూపించే మ్యాప్ చూస్తూ కూర్చుంది.

స్తవాంగర్‌లో ఎండ కాసింది. తెల్లచెక్క ఇళ్ల పాత వీధిలో తిరిగాం. సుబ్బు గారిని కలవలేకపోయాం, ఆయన అదేవారం ఇండియాలో ఉన్నారు (ఇదేం టైమింగ్ అన్నా). పక్కనున్న 604 మీటర్ల ఎత్తు కొండశిల పల్పిట్ రాక్ ఎక్కే ఓపిక ఎవరికీ లేదు.

ఫ్లోమ్‌లో రెండు జట్లయ్యాం. నేనూ నాన్నా సుబ్బు గారు చెప్పిన కరెంటు పడవలో నేరోయ్‌ఫ్యోర్డ్‌కి, అమ్మా మా ఆవిడా కొండరైలుకి. చిన్న పడవ అనగానే అమ్మ చెయ్యి ఊపేసింది, నేనూ బలవంతపెట్టలేదు. సుబ్బు గారూ, మీరన్నది నిజం. మా పెద్ద ఓడ పై డెక్ మీంచి చూసిన కొండలు బొమ్మల్లా ఉన్నాయి. ఈ పడవలో తల పూర్తిగా వెనక్కి వాల్చితే తప్ప పైఅంచు కనబడలేదు. మంచునీళ్ల తుంపర మొహాన పడింది. ఏడు రోజుల్లో నాకు మిగిలిపోయిన రెండు గంటలవి.

అమ్మ రైలు కథ వేరు. 20 కిలోమీటర్ల దారి, 20 సొరంగాలు, 866 మీటర్లు ఎక్కుతుంది. మధ్యలో చోస్‌ఫోసెన్ అనే జలపాతం దగ్గర ఐదు నిమిషాలు ఆపుతారు. అప్పుడు ఎక్కడినుంచో పాట వస్తుందట, పాడుబడ్డ గోడల మధ్య ఎర్ర గౌనులో ఓ అమ్మాయి నాట్యం చేస్తూ కనబడి మాయమవుతుంది. వాళ్ల అడవిదెయ్యం వేషం అది. అమ్మ అన్నది: "మనకి మోహిని తెల్లచీరలో వస్తుంది, వీళ్లకి ఎర్రది కట్టారు. మంచులో తెల్లది కనబడదుగా."

గైరాంగర్. నాలుగున్నరకి లేచాం. ఉత్తరపుగాలి గారికి దండం. డెక్ మీద పాతికమంది కూడా లేరు. పైన గట్టు మీద, అసలు మనిషి ఎలా ఎక్కాడో తెలియని చోట, పాత పొలం, ఇల్లు. నాన్న "అక్కడ గొడ్లని ఎలా మేపారు, పిల్లలు జారిపోరూ?" అని అడుగుతూనే ఉన్నారు. పిల్లల్ని తాడుతో కట్టేవాళ్లని మైకులో చెప్పారు. ఏడుగురు అక్కచెల్లెళ్లూ నిండుగా ఉన్నారు. అక్కడ టెండరే పెట్టారు, కాబట్టి అమ్మ దిగలేదు. మేం ముగ్గురం బస్సులో దాల్స్‌నిబ్బా కొండ మీదకి వెళ్లాం, దాదాపు 1,500 మీటర్లు, రోడ్డుకి రెండువైపులా మంచుగోడలు, పైకెళ్లేసరికి మబ్బు కమ్మి ఏమీ కనబడలేదు. టికెట్లకి పెట్టిన డబ్బు మబ్బుపాలు. ఓడకి తిరిగొచ్చాక అమ్మ చెప్పింది, రోజంతా బాల్కనీలోంచి జలపాతం చూస్తూ ఖాళీ ఓడలో హాయిగా ఉందట, మంగళూరు కుర్రాడు కాదుగానీ ఓ గోవా అబ్బాయి టీ తెచ్చిచ్చాడట. నాకు కుళ్లుగా ఉంది.

బెర్గెన్‌లో వాన. వాన అంటే మామూలుగా కాదు. రేవు పక్కనుండే బ్రిగ్గెన్ పాత చెక్క ఇళ్లు వాన చూరుల కింద నిలబడే చూశాం. ఫనిక్యులర్ (తాడు లాగే కొండరైలు) ఎక్కలేదు.

డబ్బు: నలుగురికి టిప్పులు, బయటి టూర్లు, ఇన్సూరెన్స్ కలిపితే టికెట్ ధర మీద ఇంకో మూడోవంతు అయ్యింది. ముందే తెలిస్తే ఓడవాళ్ల టూరు ఒక్కటే తీసుకుని మిగతాది నడిచేవాళ్లం.

ఒక ప్రశ్న ఉంది, నాన్నది. తీరం దగ్గర, సోగ్నెఫ్యోర్డ్‌లోకి తిరిగే ముందు, నీళ్లలో పెద్ద పెద్ద గుండ్రటి వలలు వరసగా కనబడ్డాయి. కొండలు వదిలేసి ఆయన ఆ పూటంతా వాటినే లెక్కపెట్టారు. సాల్మన్ అని తెలుసు. ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) లేకుండా, చెరువు గట్టు లేకుండా అన్ని చేపలు ఎలా బతుకుతున్నాయి, రోగమొస్తే ఏం చేస్తారు అని అడుగుతున్నారు. ఎవరికైనా తెలుసా?

పెన్షనర్_67 | జూన్ 17
నిజం చెప్పి తీసుకెళ్లావు, సంతోషం. బాల్కనీ డబ్బు వసూలైనట్టే.

స్తవాంగర్_సుబ్బు | జూన్ 19
నిన్ననే తిరిగొచ్చాను, మిస్ అయినందుకు సారీ. నాన్నగారి ప్రశ్నకి మా పక్కింటాయన్ని అడిగాను, ఆయన ఆ ఫారాల్లోనే పనిచేస్తాడు.

ఏరేటర్ల పని చాలావరకు అలలూ ప్రవాహాలే చేస్తాయట, చల్లనీళ్లలో ఆక్సిజన్ ఎక్కువ ఉంటుంది కూడా. ఒక్కో వలలో చట్టం ప్రకారం రెండు లక్షల చేపలకి మించకూడదు, ఘనపు మీటరు నీటికి 25 కిలోల చేప మించకూడదు. రోగాల కన్నా పెద్ద తలనొప్పి పేను. సాల్మన్ ఒంటికి అతుక్కుని చర్మం తినేస్తుంది. రైతులు వాటిని లెక్కపెట్టి ప్రభుత్వానికి చెప్పాలి, హద్దు దాటితే చర్య తీసుకోవాల్సిందే. మందులకి పేను అలవాటుపడిపోవడంతో, ఆ పేనుని ఏరుకుతినే చిన్నచేపల్ని అదే వలలో వదులుతారు. అయితే ఆ చిన్నచేపలు చాలా చచ్చిపోతున్నాయని ఇప్పుడు దాని మీద గొడవ నడుస్తోంది.

గోదారిగట్టు | జూన్ 19
చదివి వినిపించాను. మన శీలావతికీ బొచ్చెకీ కూడా చేప పేను పడుతుంది, కానీ అది వేరే జాతి అయ్యుంటుందన్నారు. రెండు లక్షల లెక్క విని కాసేపు ఏం మాట్లాడలేదు. ఇప్పుడు ఆ పేను తినే చేప ఒక్కోటి ఎంత పడుతుందో మీ పక్కింటాయన్ని కనుక్కోమంటున్నారు.